తెప్ప ఎక్కింది ఎవరు?

ఆయన బడి గేటు దగ్గర నిలబడి ఉంటే ముందు నేను గుర్తుపట్టలేదు. సముద్రం ఒడ్డున తప్ప మరోచోట ఆయన్ని చూసి ఎరగను. కొడవలూరు బడిలో మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. కిటికీలోంచి చూస్తే, తలగుడ్డ తీసి చేతుల్లో నలుపుకుంటూ, లోపలికి రావాలా వద్దా అని తటపటాయిస్తూ ఒక మనిషి. బయటికి వెళ్ళాక పోల్చుకున్నాను, మా అక్క మొగుడు.

"మీ అక్క పొయ్యింది పంతులమ్మా" అన్నాడు.

ఎప్పుడని అడిగితే మొన్న అన్నాడు. ఎట్లా అని అడిగితే, ముత్తుకూరు నుంచి ఎండుచేపల తట్టతో తిరిగి వస్తూ దారిలో ఒక గట్టు మీద కూర్చుందట, ఇంక లేవలేదట. నేను ఏవో అడుగుతూనే ఉన్నాను, ఆయన నేల చూస్తూనే ఉన్నాడు. వెళ్ళబోతూ ఆగి, ఆమె ఫోటో ఏదన్నా నా దగ్గర ఉందా అని అడిగాడు. లేదన్నాను. దినానికి రమ్మని చెప్పి బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాడు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గకముందే ఇది రాస్తున్నాను, చదివేవాళ్ళు మన్నించాలి. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరికీ తలా కాస్త మంచి పంచాలంటారు. నా దగ్గరున్న మంచి ఆమె ఒక్కదానికే చాలదు, ఇంక మిగతావాళ్ళకి ఎక్కడి నుంచి తేను?

ఆమె నాకు తోడబుట్టింది కాదు. నేను కావలి పిల్లని. టీచరు ట్రైనింగు అయిన వెంటనే మిషను వాళ్ళు నన్ను ముత్తుకూరుకి అవతల, సముద్రం ఒడ్డునున్న ఒక చేపలవాళ్ళ పాలెంలో బడికి వేశారు. బడి అంటే తాటాకుల కొట్టం, ఇసకలో రాసుకునే పిల్లలు. నేను దిగిన గుడిసె పక్కనే ఆమె గుడిసె. మొదటిరోజు నాకు వంటచెరుకు కూడా లేకపోతే, చెప్పకుండానే వచ్చి పొయ్యి వెలిగించి, చేపల పులుసు గిన్నె పెట్టి, తినమని కూడా అనకుండా వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి అక్కా అన్నాను. ఆమె నన్ను చివరిదాకా పంతులమ్మా అనే పిలిచింది.

నిలువెత్తు మనిషి. పాలెంలో మగవాళ్ళు కూడా ఆమె పక్కన నిలబడడానికి ఇష్టపడేవాళ్ళు కాదు. తెప్పలు ఒడ్డుకి రాగానే చేపలు తట్టకెత్తుకుని, ముత్తుకూరు దాకా ఊళ్ళన్నీ తిరిగి అమ్ముకొచ్చేది. వెనక నుంచి ఎంత పిలిచినా తిరిగేది కాదు. నడుస్తూనే "ఏందీ?" అనేది. నేను పరుగెత్తి ముందుకు పోవాల్సిందే. నాకు మొదట్లో అది పొగరు అనిపించి, ఒకసారి అడిగేశాను. "తట్ట తలమీద ఉన్నోళ్ళు ఎనక్కి తిరగగూడదు పంతులమ్మా. పనుంటే నువ్వే ముందుకి రా" అంది. తట్ట లేనప్పుడు కూడా తిరగవుగా అంటే నవ్వింది. అలవాటు మెడలోకి పోయింది, ఇక రాదు అని చెప్పింది. ఆ మెడ, ఆ వీపు, ఆ నడక. వీటి గురించే ఇప్పుడు చెప్పబోయేదంతా.

ఇప్పటికి పదేళ్ళు దాటింది. ఒక వేసవిలో మా పాలేనికి ఫ్రెంచి సినిమావాళ్ళు వచ్చారు. పెద్ద లారీలు ఇసకలో దిగబడిపోతే పాలెం అంతా కలిసి తోశారు. మద్రాసు నుంచి గొడుగులూ, ఐసు పెట్టెలూ వచ్చాయి, పుదుచ్చేరి నుంచి వాళ్ళ మాట మాకు తిప్పి చెప్పే దుబాసీ ఒకడు వచ్చాడు. ఆ దుబాసీ తెలుగులో సగం అరవం, కానీ మంచివాడు. మా ముసలివాళ్ళు వాళ్ళని పరాసు దొరలు అనేవాళ్ళు. కథ ఏమిటంటే, ఒక దొర కూతురు ఇల్లు వదిలి, చేపలు పట్టే పట్టపు కుర్రాడి తెప్ప ఎక్కి సముద్రంలోకి పారిపోతుంది. ఇంతకన్నా మంచి కథ దొరకలేదా అని నేను దుబాసీని అడిగితే, అక్కడ జనానికి ఇట్లాంటివే ఇష్టమమ్మా అన్నాడు.

ఆ దొర కూతురు వేషం వేసే పిల్లకి ఇరవై రెండో ఇరవై మూడో. అప్పటిదాకా చిన్నచిన్న వేషాలు వేసిందట. ఒక సినిమాలో తలుపు తీసే పనిమనిషి, మరో దానిలో రైల్లో ఏడ్చే అమ్మాయి. ఇది ఆమెకి మొదటి పెద్ద వేషం. ఇది గట్టెక్కితే పైకి పోతుంది, లేకపోతే మళ్ళీ తలుపులు తీసుకోవాల్సిందే అని దుబాసీ చెప్పాడు. ఎండకి ముఖమంతా కందిపోయి, ఒంటరిగా తిరిగేది. మొదటిరోజే మా అక్క నడక చూసి అట్లాగే నిలబడిపోయింది. మర్నాడు పొద్దున్నే దుబాసీని వెంటబెట్టుకుని అక్క గుడిసెకి వచ్చింది. ఆ నడక నేర్పమని.

నడక నేర్పడమేంది, కాళ్ళు లేవా అని అక్క అంది. కానీ నేర్పింది. ఖాళీ తట్టలో ఇసక పోసి ఆ పిల్ల తలమీద పెట్టి వాకిట్లో తిప్పింది. పడేసినప్పుడల్లా మళ్ళీ నింపింది. కళ్ళు కిందికి వద్దు, అల్లంత దూరంలో ఉన్న తాడిచెట్టు మీద పెట్టు అనేది. పాదం ముందు వేళ్ళు ఆనాలి, తరవాత మడమ అని తన కాలు పట్టి చూపించేది. ఆ పిల్ల ఏడ్చిన రోజులున్నాయి. ఏడిస్తే పులుసన్నం పెట్టేది. ఆ పిల్ల కారానికి ఇంకా ఏడ్చేది. కొన్నాళ్ళకి ఇద్దరూ వెనకా ముందూ నడిచిపోతుంటే దూరం నుంచి ఒకరి నీడ ఇంకొకరు మోసుకుపోతున్నట్టు ఉండేది. ఇది నేను కళ్ళారా చూసినందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అసలు గొడవ తెప్ప దగ్గర వచ్చింది. దొర కూతురు తెప్ప మీద నిలబడి అలల మీదుగా లోపలికి పోవాలి. ఆ పిల్లని ఎక్కించారు. మా ఒడ్డున అలలు ఎట్లా లేస్తాయో తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మొదటి అలకే నీళ్ళల్లో పడింది, ఉప్పునీళ్ళు తాగింది, వాంతులు చేసుకుంది. మళ్ళీ ఎక్కనని ఇసకలో బోర్లా పడుకుంది. డైరెక్టరు దొర టోపీ తీసి నేలకేసి కొట్టాడు. చివరికి దుబాసీ వచ్చి, వెనక నుంచి తీస్తారు, ముఖం కనపడదు, దొరసాని ఎత్తున్న ఆడమనిషి ఒకర్ని ఇవ్వండి అని పెద్దకాపుని అడిగాడు. అంత ఎత్తున్న ఆడమనిషి పాలెంలో ఒక్కతే.

పెద్దకాపు అంటే పాలేనికి పెద్ద. ఆయనా, ఆయన చుట్టూ కూర్చునే నలుగురూ ఏ కట్టుబాటు పెడితే అది దురాయి. దురాయి దాటినవాళ్ళతో ఎవరూ మాట్లాడరు, ఎవరూ నిప్పు ఇవ్వరు. ఆ పాలెంలో ఆడది తెప్ప ఎక్కకూడదు. ఎక్కడం కాదు, ఒడ్డున ఆరేసిన తెప్ప మానుని దాటి కూడా నడవకూడదు, చుట్టు తిరిగి పోవాలి. గంగమ్మకి కోపం వస్తుందంటారు. అట్లాంటి చోట ఆడమనిషిని తెప్ప మీద నిలబెట్టడమంటే మాటలా? పెద్దకాపు కుదరదన్నాడు. అప్పుడు దొరలు పాలెం అంతటికీ సరిపోయేటన్ని నైలాను వలలు ఇస్తామన్నారు. అప్పట్లో నైలాను వల అంటే బంగారు వల. నూలు వలలు ఉప్పుకి కుళ్ళి, ఏటేటా చిరిగి, చింతగింజల కషాయంలో ముంచీ ముంచీ ఆడవాళ్ళ చేతులు నల్లబడిపోయేవి.

ఆ సాయంత్రం నలుగురూ కూర్చుని ఒక ఉపాయం కనిపెట్టారు. వేషంలో ఉన్నప్పుడు మనిషి మనిషి కాదు. భాగోతంలో మగవాడు చీర కడితే సత్యభామే కానీ వాడు కాదు కదా, కిందికి దిగాక గదా వాడు వాడయ్యేది. అట్లాగే ఈమె పసుపుపచ్చ జుట్టు టోపీ, దొరసాని గౌను వేసుకున్నాక తెప్ప ఎక్కేది దొరసానే కానీ మన ఆడది కాదు. దొరసానికి మన దురాయి లేదు. గంగమ్మకి కూడా ఇందులో అభ్యంతరం ఉండదు. ఇంత తెలివైన తీర్పు మద్రాసు హైకోర్టులో కూడా వినం. అందరూ తలలూపారు, తెప్ప నడపబోయే ఆమె మొగుడు కూడా ఊపాడు.

నువ్వెందుకు ఒప్పుకున్నావు అని అడిగాను. వలల కోసం అనుకున్నాను. కాదట.

"పుట్టినకాడి నుంచీ ఆ అలల్నే చూస్తా ఉండా. నాయన పొయినాడు, మొగుడు పోతా ఉండాడు, నేను పెంచిన మరిది పోతా ఉండాడు. అవతల ఏముండాదో ఒకతూరి చూడొద్దా?"

చూసింది. పాలెం అంతా ఒడ్డున నిలబడి ఉండగా, పచ్చజుట్టు పెట్టుకుని, మోకాళ్ళ కిందికి దిగే గౌనులో, తెప్ప మీద నిటారుగా నిలబడింది. మొగుడు కింద కూర్చుని తెడ్డు వేస్తున్నాడు. మొదటి అల వచ్చినప్పుడు నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. తెరిచేసరికి ఆమె ఇంకా నిలబడే ఉంది, తలమీద తట్ట ఉన్నట్టే, మెడ కూడా కదలకుండా. వెనక్కి చూడొద్దని డైరెక్టరు దొర గొట్టం పెట్టి అరుస్తున్నాడు. ఆమెకి ఆ మాట ఎవరూ చెప్పక్కర్లేదు. రెండో అల, మూడో అల దాటి, నీళ్ళు నున్నగా ఉన్న చోటికి పోయారు. తిరిగొచ్చి గౌను పిండుకుంటూ, అక్కడి నుంచి చూస్తే మన పాలెం అరచేతిలో పడుతుంది పంతులమ్మా, దీనికోసమా ఇన్ని తగాదాలు అనిపించింది, అని చెప్పింది. అంత సంతోషంగా ఆమెని నేను మళ్ళీ చూడలేదు.

దొరలు వెళ్ళిపోయారు. నైలాను వలలు వచ్చాయి. వలలు నిండుతుంటే మా వాళ్ళకి ఆశ పెరిగింది. గాలి బాగాలేని రోజుల్లో కూడా తెప్పలు దించమని పెద్దకాపే తొందరపెట్టేవాడు. అట్లాంటి ఒక రోజు పోయిన తెప్పల్లో ఒకటి తిరిగి రాలేదు. మా అక్క ఎక్కిన తెప్పే. దాని మీద పోయింది ఆమె మరిది. పెళ్ళై వచ్చేనాటికి చంటివాడు, ఆమె చేతి ముద్దలు తిని పెరిగాడు. ఆమెకి పిల్లలు లేరు, ఉన్న ఒక్క బిడ్డా వాడే.

మూడోనాడే దురాయి వేశారు. ఆడది ఎక్కిన తెప్ప కాబట్టి గంగమ్మ మింగేసింది అన్నారు. ఎక్కింది దొరసాని అన్నారుగా అని నేను అడగబోతే, పంతులమ్మకి మా విషయాలు తెలియవు అన్నారు. వేషం ఎవరిదైతేనేం, తెప్ప మీద ఆనింది ఈమె కాళ్ళే కదా అన్నారు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. మరి నైలాను వలల సంగతి? వాటికి దోషం అంటలేదు. అవి ఈ రోజుకీ సముద్రంలో పడుతూనే ఉన్నాయి.

తీర్పు ఇదీ. ఆమె తెప్పలు ఆగే ఒడ్డుకి రాకూడదు. ఆమె నీడ వల మీద కూడా పడకూడదు. వస్తే మొగుడితో కలిసి ఎవరూ వేటకి పోరు. సినిమా నాడు తెప్ప మీద ఎవరుండినారురా అని పెద్దకాపు అడిగితే, తెడ్డు వేసిన ఆ మొగుడు తలొంచుకుని నిలబడ్డాడు. నోట్లో నాలుక లేని మనిషి. తమ్ముడు పోయిన దుఃఖంలో ఉన్నాడు, నిజమే. ఎక్కమన్నది మీరే కదా అన్న ఒక్క మాట కోసం ఆమె అతని ముఖం వంక చూస్తూ నిలబడడం నేను చూశాను. ఆ మాట రాలేదు.

ఆ తరవాత ఆమె బతుకు ఎండుచేపల మీద పడింది. ఒడ్డుకి పోవడానికి లేదు కాబట్టి పచ్చిచేప కొనుక్కోవడానికి లేదు. మిగతా ఆడవాళ్ళు ఎండబెట్టి వద్దనుకున్నవి ఇంటి వెనక నుంచి తెచ్చుకుని అమ్ముకునేది. ఇంటి ముందు సముద్రం మోగుతూనే ఉంటుంది, ఆమె మాత్రం ఇంటి వెనక దారినే వెళ్ళి, వెనక దారినే వచ్చేది. ఒకే ఒక్కసారి నా దగ్గర బయటపడింది. నిజంగా నా కాళ్ళ వల్లే పోయినాడేమో పంతులమ్మా వాడు అంది. నేను అరిచాను. గాలిలో పంపినవాళ్ళని వదిలేసి నిన్ను నువ్వు తిట్టుకుంటావా అన్నాను. నా అరుపు వల్ల ఆమెకి ఏమీ తేలిక కాలేదని తెలుస్తూనే ఉంది.

ఈలోగా అక్కడ ఆ పిల్ల పైకి పోతూనే ఉంది. దుబాసీ ఒక ఫ్రెంచి పత్రిక పంపాడు. అందులో ఒక పేజీ నిండా బొమ్మ. తెప్ప మీద నిలబడి సముద్రంలోకి పోతున్న దొరసాని వీపు, గాలికి ఎగిరే పచ్చజుట్టు, ఒక అంచున తెడ్డు పట్టుకున్న నల్లటి చెయ్యి. కింద ఆ పిల్ల పేరు వేశారు. అక్క ఆ పేజీని గంజితో గోడకి అంటించుకుంది. వచ్చినవాళ్ళు ఎవరు ఈ దొరసాని అంటే, మాకు తెలిసినామె అనేది.

సినిమా నెల్లూరికి వచ్చేసరికి రెండు మూడేళ్ళు పట్టింది. ఇంగ్లీషు మాటలు పెట్టి, ఒక ఆదివారం పొద్దుటి ఆట వేశారు. నేను ఆరాధన ఎగ్గొట్టి, అక్కని వెంటబెట్టుకుని పోయాను. హాలంతా కాలేజీ కుర్రాళ్ళు. తెప్ప సీను రాగానే ఈలలు, చప్పట్లు. అక్క వీపు అంత పెద్ద తెర మీద, సముద్రం అంత వెడల్పు అయి కనపడింది. అలలు దాటగానే ముఖం చూపించారు. అది ఆ పిల్లది. పళ్ళెంలోంచి నీళ్ళు చల్లినట్టు నాలుగు చుక్కలు బుగ్గల మీద. సొమ్మొకరిది సోకొకరిది అని నేను గట్టిగానే అన్నాను. ముందువరస కుర్రాడు తిరిగి చూశాడు. అక్క మాత్రం ఆ పిల్ల ముఖం కేసి చూస్తూ, చిక్కిపోయింది కదా, అక్కడ తిండి పెట్టరో ఏమో అంది.

ఆ పిల్లకి తరవాత ఏదో బహుమతి వచ్చింది. సబ్బు ప్రకటనలో కనపడింది. జుట్టు కత్తిరించుకుంది, ఒక డైరెక్టరుని చేసుకుంది, వదిలేసింది. ఇవన్నీ నేను మద్రాసు పేపర్లలో చూసి చెబితే, మన దొరసాని ఏం జేస్తా ఉండాదిప్పుడు అని అక్క చుట్టాన్ని అడిగినట్టు అడిగేది. ఒకసారి ఆమె నడక గురించి ఎవరో రాశారు. ఈ కాలం నటుల్లో అట్లా నడవగలిగినవాళ్ళు లేరట, ఆ నడక పుట్టుకతో రావాల్సిందేనట. అది అక్కకి చదివి వినిపించాను. పుట్టుకతో యాడొచ్చింది, ఎన్ని తట్టల ఇసక పారబోసిందో అది వాళ్ళకేం తెలుసు అంది. ఆ పిల్ల మీద ఆమెకి కోపం ఉండేది కాదు. నాకు ఉండేది, ఇప్పటికీ ఉంది.

నా కోపం ఊరికే కాదు. ఆ పిల్ల, అప్పటికి పిల్ల కాదు, పెద్ద తార, ఎక్కడికో పోతూ మద్రాసులో ఒక పూట ఆగింది. పేపరువాళ్ళు తెప్ప సీను గురించి అడిగారు. అంతా తనే చేశానని చెప్పింది. తనకి బదులు ఎవరినీ పెట్టలేదట. భయం వేసింది కానీ నటి అన్నాక ఎవరి అలలు వాళ్ళే దాటాలట. పేపరు చింపేయబోయాను. చింపబోతూ ఆగాను, నాకో ఆలోచన వచ్చింది.

పేపరు పట్టుకుని పెద్దకాపు దగ్గరికి పోయాను. తెలుగు చేసి చదివాను. దొరసానే ఎక్కిందట, ఆమే ఒప్పుకుంది, అచ్చులో ఉంది, ఇంక మా అక్క మీద దురాయి ఎందుకు అన్నాను. ఆ రోజు ఒడ్డున నిలబడి కళ్ళతో చూసినవాళ్ళే అందరూ. అయినా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకీ విసుగొచ్చి ఉంటుంది, పైగా ఇంగ్లీషు పేపరు. పెద్దకాపు, మీ అక్కని గంగమ్మ ముందరికి వచ్చి, తెప్ప ఎక్కింది నేను కాదు అని ఒక్క మాట చెప్పమను, దురాయి ఎత్తేస్తాం అన్నాడు.

పరుగున వచ్చాను. ఒక్క మాట అక్కా, చాలు, రేపటి నుంచి ఒడ్డుకి పోవచ్చు, పచ్చిచేప ఎత్తుకోవచ్చు అన్నాను. ఆమె ఎండుచేపలు ఏరుతూ ఉంది. మొగుడు గడప మీద కూర్చుని ఉన్నాడు. ఆమె చేతులు ఆగిపోయాయి. ఒడ్డు అంటే ఆమెకి ఎంత ప్రాణమో నాకు తెలుసు. పొద్దునపూట తెప్పలు వచ్చే వేళకి పెరట్లో నిలబడి, ఆ కేకలు వింటూ, ఏ తెప్పకి ఏం చేప పడిందో చెప్పగలిగేది. గోడ మీద బొమ్మ వంక ఒకసారి చూసింది.

"నా నడక తీసకపొయ్యింది, పోనీలే అనుకున్నా. నా వీపు తీసకపొయ్యింది, అదీ పోనీలే. ఎక్కలేదని నా నోటితో చెప్పి, నేను ఎక్కింది గూడా ఇచ్చెయ్యమంటావా పంతులమ్మా?"

మాటే కదా అక్కా అన్నాను.

"ఎక్కినాను. వాడు పొయ్యిందానికి నేనే కారణమంటే అననీ, పడతా. ఎక్కలేదని మాత్రం చెప్పను. అదొక్కటే నాది."

నాకు కోపం వచ్చింది. మొండిదానివి, నీ మొండితనంతో నువ్వే చస్తావు అన్నాను. మొగుడి వైపు తిరిగి, నువ్వన్నా చెప్పు బావా అన్నాను. ఆయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. ఆమె కూడా ఆయన వంక చూడలేదు. చూడడం ఎప్పుడో మానేసింది. మళ్ళీ చేపలు ఏరుకోవడం మొదలుపెట్టింది. మేం కొన్నాళ్ళు మాట్లాడుకోలేదు. తరవాత ఒకరోజు పులుసు గిన్నె పెట్టి వెళ్ళింది, అంతటితో సరిపోయింది.

నాకు కొడవలూరు బదిలీ అయినప్పుడు, బస్సు ఆగే చోటు దాకా నా పెట్టె ఆమే తలమీద మోసింది. బస్సు ఎక్కాక కిటికీలోంచి పిలిచాను. అప్పటికే వెనక దారిన నడిచిపోతూ ఉంది. తిరగకుండానే చెయ్యి పైకెత్తి ఊపింది. అదే చివరిసారి చూడడం.

దినానికి వెళ్ళాను. ఆ ఇంటి ముందు అంతమందిని అన్నేళ్ళలో నేను చూడలేదు. బతికుండగా నిప్పు ఇవ్వనివాళ్ళు అరిటాకుల కోసం వరసగా కూర్చున్నారు. చనిపోయినవాళ్ళకి దురాయి ఉండదట. ఇది కూడా పెద్దకాపే చెప్పాడు, చాలా దయగా. ఆయన ముసలివాడైపోయాడు, ఇద్దరు పట్టుకుని తెచ్చి మంచం మీద కూర్చోబెట్టారు. మంచి మనిషి, గట్టి మనిషి అని నాతో అన్నాడు. నేను జవాబు చెప్పి ఉంటే అక్కడ భోజనాలు జరిగేవి కావు.

లోపలికి పోతే గోడ దగ్గర పీట, పీట మీద ఆ పత్రిక బొమ్మ. గంజితో అంటించిన కాగితం గోడ మీద నుంచి బావ ఎట్లా ఊడదీశాడో, మూలలు చిరిగాయి కానీ బొమ్మకి ఏమీ కాలేదు. అట్టకి అతికించి నిలబెట్టాడు. బంతిపూల దండ వేశాడు. ఫోటో ఉందా అని బడిదాకా వచ్చి అడిగింది ఇందుకు. ఆమె ఉన్న బొమ్మ ఈ లోకంలో ఇదొక్కటే.

జనం గుమ్మంలో మూగారు. దొరసాని బొమ్మకి దండేసినాడేంది అని ఎవరో గుసగుసలాడారు. పెద్దకాపు మంచం మీద నుంచే మెడ సాచి చూసి, "ఎవుర్రా అది? ఆ పరాసు దొరసాని గదా?" అని అడిగాడు.

ముత్తైదువగా పోయింది కాబట్టి బొట్టు పెట్టాలి. బావ కుంకుమలో వేలు ముంచి బొమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మా క్రైస్తవుల్లో ఈ బొట్లూ దండలూ లేవు, నేను గోడకి ఆనుకుని చూస్తున్నాను. వేలు బొమ్మ దాకా పోయి ఆగింది. బొట్టు పెట్టడానికి నుదురు లేదు. జుట్టు ఉంది, అది ఆమెది కాదు. గౌను ఉంది, అది ఆమెది కాదు. తరవాత ఆయన వంగి, ఇంకా వంగి, బొమ్మ అడుగున, తెడ్డు పట్టుకున్న తన చెయ్యి పక్కన, తెప్ప మాను మీద ఆనిన రెండు పాదాలకి, అందరూ చూస్తూ ఉండగా, ఒక్కొక్కదానికి ఒక్కొక్క బొట్టు పెట్టాడు.